మహేంద్రగిరి నీడలో – 4: నాగలి కర్ర కోసం

పోయిన భాగంలో 1936 ఏప్రిల్ 1 దగ్గర ఆగాం. ఆ రోజుతో పాత గంజాం జిల్లా రెండు ముక్కలైంది. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి పట్టణం కొత్తగా ఏర్పడ్డ ఒరిస్సా రాష్ట్రంలోకి పోయాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి మద్రాసు రాష్ట్రంలోనే మిగిలి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. పర్లాకిమిడి తెలుగువారికి దక్కలేదన్న బాధతో గిడుగు రామమూర్తి పంతులు జీవితమంతా గడిపిన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోవడం చూశాం.

ఆ గీత వల్ల ముందుగా ఇబ్బంది పడినవాళ్లు కచేరీ పనులున్న మామూలు జనం. ఇచ్ఛాపురం నుంచి బరంపురం 25 కిలోమీటర్లు. పొద్దున్న చద్ది తిని బయల్దేరి, పని చూసుకుని, దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరేవారు. ఇప్పుడు కలెక్టరు దొర విశాఖపట్నంలో ఉన్నాడు. అది 200 కిలోమీటర్ల పైమాటే. అర్జీ ఇవ్వాలంటే రైలు ఛార్జీ, పూటకూళ్ల ఖర్చు, రెండు మూడు రోజుల పని చెడుపు. పాత జిల్లాకు తలకాయలా ఉన్నవాళ్లు కొత్త జిల్లాకు తోకలో పడ్డారు. తోకలో ఉన్నవాడి గోడు తలకు చేరాలంటే గట్టిగా అరవాలి. ఈ భాగంలో చెప్పబోయేది ఆ అరుపు కథే. మొదట అది కాగితం మీద రాసిన అర్జీ. తర్వాత కాలినడక. ఆ తర్వాత మహాసభ. చివరికి మందస దగ్గర ఒక పల్లెలో తుపాకీ మోత.

కథలోకి వెళ్లే ముందు నేల చూద్దాం. పడమట మహేంద్రగిరి, దాని చుట్టూ అడవులు. కొండల మీద సవరలు. కొండ దిగితే చెరువుల కింద వరి మళ్లు. ఇంకా తూర్పుకు వస్తే నేల ఇసుకబారి కొబ్బరి, పనస, మామిడి, జీడి తోటలు. ఉద్యానవనం అన్న మాటే జనం నోట నలిగి ఉద్దానం అయిందంటారు. తోటలు దాటితే సముద్రం. కొండకీ కడలికీ మధ్య ఇంత ఇరుకైన నేల కోస్తాలో మరెక్కడా ఇంత అందంగా కనబడదు. మహేంద్రతనయ కొండల్లో పుట్టి, బారువ దగ్గర సముద్రంలో కలిసిపోతుంది. తెలుగు, ఒడియా రెండూ ఒకే వీధిలో, చాలాచోట్ల ఒకే ఇంట్లో వినిపిస్తాయి.

ఈ నేలంతా జమీందారీల మయం. మందస, టెక్కలి, తర్లా, జలంతర, బూడారసింగి ఇవన్నీ వేర్వేరు ఎస్టేట్లు. వెనక పర్లాకిమిడి మహారాజా వారి పెద్ద ఎస్టేటు ఉండనే ఉంది. దాని పాతపట్నం వైపు భాగం రాష్ట్రాలు విడిపోయాక కూడా ఇవతలే ఉండిపోయింది. ఒకే రాజుగారికి రెండు రాష్ట్రాల్లో రైతులు! ఆ మహారాజు కృష్ణచంద్ర గజపతి నారాయణదేవ్ 1937లో ఒరిస్సా తొలి ప్రధానమంత్రి అయ్యాడు. ముఖ్యమంత్రిని ఆ రోజుల్లో ప్రధానమంత్రి అనేవారు.

జమీందారీ అంటే ఏమిటో ఈ తరం పిల్లలకు విడమరిచి చెప్పాలి. 1802లో కుంఫిణీ ప్రభుత్వం శాశ్వత శిస్తు పద్ధతి పెట్టింది. జమీందారు ఏటా సర్కారుకు ఇంత పేష్కషు కట్టాలి. ఆ మొత్తం ఎప్పటికీ మారదు. రైతు దగ్గర జమీందారు వసూలు చేసేది మాత్రం మారుతూ, పెరుగుతూ పోయింది. కట్టేది స్థిరం, రాబట్టేది ఇష్టం. ఈ తేడాలోంచే కోటలు లేచాయి, ఏనుగులు వచ్చాయి, దసరా దర్బార్లు సాగాయి. 1908లో ఎస్టేటు భూముల చట్టం వచ్చి జిరాయితీ రైతుకు సాగు హక్కు ఉందని ఒప్పుకుంది. కానీ ఆ హక్కు నిలబెట్టుకోవాలంటే రైతు దావా వేయాలి, ప్లీడరును పెట్టుకోవాలి, రసీదులు చూపించాలి. రసీదే ఇవ్వని చోట రైతు ఏం చూపిస్తాడు?

శిస్తు ఒక్కటే అయితే రైతు ఎలాగో నెట్టుకొచ్చేవాడు. దాని వెనక వెట్టి ఉంది, నజరానా ఉంది, దివాణంలో పెళ్లయినా పేరంటమైనా పల్లె మీద పడే మామూళ్లు ఉన్నాయి. చెరువు గట్టు తెగితే బాగుచేయాల్సింది ఎస్టేటు. బాగుచేయకపోయినా శిస్తు మాత్రం తప్పదు. వీటన్నిటికంటే లోతుగా గుచ్చుకున్నది అడవి.

కొండ కింద రైతుకు అడవితో ఎంత అవసరమో ఊహించండి. నాగలికి కర్ర కావాలి. బండికి ఇరుసు, ఇంటికి వాసం, దూలం కావాలి. పొయ్యిలోకి పుల్లలు, గొడ్డుకు గడ్డి, విస్తరి కుట్టుకోవడానికి అడ్డాకు, అన్నీ అక్కడే. ఈ అవసరం తాతల నాటిది. అడవి మాత్రం రాజుగారిదని లెక్క. కర్ర కొడితే రుసుము, కట్టకపోతే కేసు. మడి దున్నితేనే కదా శిస్తు వచ్చేది, ఆ మడి దున్నే నాగలికే పన్నేమిటని రైతు అడిగాడు. నా దృష్టిలో ఉద్దానం రాజకీయం ఈ ప్రశ్నతో మొదలైంది. దానికి ముందు ఇక్కడ రాజకీయం లేదని కాదు. ఉన్నది బరంపురం వకీళ్ల హాళ్లలోనూ, రాజుల దర్బార్లలోనూ ఉండేది. గంజాం ఎవరిదన్న వాదం అక్కడే సాగింది. ఆ వాదం అవసరమే. వరాహగిరి వెంకట జోగయ్య పంతులు, ఆయన కుమారుడు వి.వి.గిరి వంటి బరంపురం వకీళ్లను తెలుగు జనం అందుకే నెత్తిన పెట్టుకున్నారు. కానీ అడ్డాకు కోసుకునే మనిషి గోడు ఆ హాళ్లలోకి ఎక్కలేదు.

1930 నాటికి ఆ మనిషి పరిస్థితి మరీ దిగజారింది. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. ధాన్యం ధర సగానికి పడిపోయింది, శిస్తు మాత్రం పాతదే. నిన్న ఒక బస్తా అమ్మి కట్టిన శిస్తుకు ఇవాళ రెండు బస్తాలు అమ్మాలి. అటువంటి రోజుల్లో ఈ తీరం జనానికి ఎప్పుడూ ఒక దారి ఉండేది. రంగం పోవడం! రంగూన్‌ను మన వాళ్లు రంగం అనేవారు. గంజాం, విశాఖ తీరాల నుంచి వేల మంది ఓడలెక్కి బర్మా రేవుల్లో మూటలు మోసి, వరి మిల్లుల్లో పనిచేసి, ఆ డబ్బుతో ఊళ్లో శిస్తు కట్టేవారు. అప్పు తీర్చాలన్నా, ఆడపిల్ల పెళ్లి చేయాలన్నా ఇంటికొకడు రంగం పోవాల్సిందే. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకూ బర్మీయులకూ పెద్ద గొడవలు జరిగాయి, ఎందరో మన కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ దారి కూడా భయం దారి అయిపోయింది. ఇటు పండిన పంటకు ధర లేదు, అటు ఓడ దిగిన చోట పని లేదు. అప్పుల్లో మునిగిన ఇంట్లో చోడి అంబలి కూడా రెండు పూటలా దొరకని రోజులవి.

సరిగ్గా అదే ఏడాది బారువలో ఒక కుర్రాడు చదువు మానేశాడు.

గౌతు లచ్చన్న 1909 ఆగస్టు 16న బారువలో పుట్టాడు. కల్లుగీత వృత్తిగా బతికే కుటుంబం. ఆ ఇంట్లోంచి ఒకడు మెట్రిక్యులేషన్ దాకా రావడమే ఆ రోజుల్లో గొప్ప సంగతి. 1930 ఏప్రిల్‌లో గాంధీగారు దండిలో ఉప్పు తీశారని తెలిసింది. 20 ఏళ్ల లచ్చన్న పుస్తకాలు పక్కన పెట్టేశాడు. సముద్రం ఇంటి ముందే ఉంది. బారువ తీరంలో ఉప్పు తయారుచేసి అమ్మాడు. ఈ తీరానికి ఉప్పు కొత్త కాదు. నౌపడ ఉప్పు మడులు పేరుపడ్డవి. అక్కడి నుంచి ఉప్పు రైలెక్కి ఎక్కడెక్కడికో పోయేది. అయినా పక్క ఊరివాడు సముద్రం నీరు కాచి గుప్పెడు ఉప్పు చేసుకుంటే నేరం! అందుకే ఉప్పు సత్యాగ్రహం ఇక్కడి జనానికి పెద్ద ఉపన్యాసం లేకుండానే అర్థమైంది. కళ్ల ముందు మడుల్లో తెల్లగా మెరిసేదాన్ని ముట్టుకోకూడదన్న చట్టం ఎంత అన్యాయమో వాళ్లకు రోజూ తెలుస్తూనే ఉంది.

ఆ ఏడాదే లచ్చన్న టెక్కలి, నరసన్నపేట సబ్ జైళ్లు చూశాడు. విదేశీ బట్టల దుకాణాల ముందు పికెటింగ్ చేసి బరంపురం జైలుకూ వెళ్లాడు. జైలు ఆయనకు బడి అయింది. బయటకు వచ్చాక హరిజన సేవలోకి, అక్కడి నుంచి రైతు సంఘంలోకి వచ్చాడు.

ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. కాంగ్రెస్ కార్యక్రమంలో కల్లు దుకాణాల ముందు పికెటింగ్ ఒక ముఖ్య భాగం. లచ్చన్న పుట్టిందేమో ఆ కల్లు గీసే ఇంట్లో. చెట్టెక్కేవాడి కష్టమేమిటో, మోకు తెగితే ఆ ఇల్లు ఏమవుతుందో తెలిసిన మనిషి. గాంధీగారి మాట ఒకవైపు, తన వాళ్ల కూడు ఒకవైపు. ఈ రెంటి మధ్య నలుగుబాటు ఆయన్ను జీవితమంతా వదల్లేదు. పాతికేళ్ల తర్వాత ఒక ప్రభుత్వం పడిపోవడానికి ఆ నలుగుబాటే ఒక కారణమైంది. ఆ కథకు ఇంకా సమయముంది.

1934, 35 నాటికి కోస్తా అంతటా రైతు సంఘాలు లేస్తున్నాయి. వాటి వెనకున్న మనిషి ఆచార్య ఎన్.జి.రంగా. నిడుబ్రోలు రైతు బిడ్డ, ఆక్స్‌ఫర్డులో చదివి వచ్చినవాడు. రైతుకు తన హక్కులు తాను చదువుకోవడం నేర్పాలని సొంత ఊళ్లో రైతు విద్యాలయం పెట్టాడు. 1936 ఏప్రిల్‌లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు, రంగా ప్రధాన కార్యదర్శి. లచ్చన్న రంగా శిష్యుడయ్యాడు. కృష్ణా డెల్టాలో కాలువ నీటి మీద పండించే రైతు బిడ్డ ఒకడు, ఉద్దానం ఇసుకలో కల్లుగీత బిడ్డ ఒకడు. ఆ గురుశిష్య బంధం జీవితాంతం నిలబడింది.

1937 ఎన్నికలు వచ్చాయి. అటు జస్టిస్ పార్టీ, దాని నాయకుడు మద్రాసు ప్రధానమంత్రిగా చేసిన బొబ్బిలి రాజా. ఇటు కాంగ్రెస్. రాజావారిని ఆయన సొంత కోట ముందే ఓడించడానికి కాంగ్రెస్ దింపిన మనిషి మన బరంపురం వకీలు వి.వి.గిరి. బొబ్బిలిలో గిరి గెలిచాడు. ఆ కబురు జమీందారీ పల్లెల్లో ఎట్లా పాకి ఉంటుందో ఊహించుకోవచ్చు. రాజుకు ఎదురు నిలబడొచ్చు, నిలబడి గెలవొచ్చు! తరతరాలుగా ఎవరూ చూడని సంగతి అది. మద్రాసు శాసనసభలో 215 స్థానాలకు కాంగ్రెస్‌కు 159 వచ్చాయి. జులైలో రాజాజీ ప్రధానమంత్రి. గిరి కార్మిక, పరిశ్రమల మంత్రి. టంగుటూరి ప్రకాశం రెవెన్యూ మంత్రి.

ఓటు వేసిన రైతుకు ఇక ఆలస్యం తట్టుకునే ఓపిక లేదు. మంత్రులు కుర్చీల్లో సర్దుకునే లోపే తన గోడు వినిపించాలని బయల్దేరాడు. రైతు సంఘం ఒక పెద్ద యాత్ర తలపెట్టింది. ఎక్కడి నుంచి? ఇచ్ఛాపురం నుంచి! ఎక్కడికి? మద్రాసు దాకా. కాలినడకన.

ఆ యాత్రను తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. తొమ్మిది జిల్లాలు, 130 రోజులు, 1500 మైళ్లు. దారి పొడవునా వందల సభలు. రైతులు రాసిచ్చిన అర్జీలు 1100 పైచిలుకు. 1938 మార్చి 27న వాటిని మద్రాసులో శాసనసభకు సమర్పించారు. తెలుగు దేశానికి కొసన ఉన్న ఇచ్ఛాపురం, విశాఖ జిల్లాకు తోకగా మిగిలిన ఇచ్ఛాపురం, ఒక్కసారి ఆంధ్ర రైతాంగానికి మొదటి అడుగు అయింది. కలెక్టరు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడని బాధపడ్డ జనం అంతకు ఎన్నో రెట్లు నడిచారు. నాకు ఈ అర్జీల మీద అమితమైన గౌరవం. రాయడం రాని మనిషి రాయడం వచ్చినవాడి పక్కన కూర్చుని, తన పొలం, తన శిస్తు, తన చెరువు, తన మీద పెట్టిన కేసు ఒక్కొక్కటీ చెప్పి రాయించుకుని, కింద వేలిముద్ర వేయడమంటే అది చిన్న విషయం కాదు. అప్పటిదాకా అతని వేలిముద్ర అప్పు పత్రాల మీదే పడింది.

ప్రభుత్వం కదిలింది. ప్రకాశంగారి అధ్యక్షతన జమీందారీల మీద విచారణ సంఘం వేశారు. ఆ సంఘం ఎస్టేట్లు తిరిగి, రైతుల వాంగ్మూలాలు తీసుకుని, 1938 చివరలో నివేదిక ఇచ్చింది. భూమికి యజమాని రైతే, జమీందారు కేవలం శిస్తు వసూలుదారు అని తేల్చింది. శిస్తు 1802 నాటి రేటుకు దిగాలని చెప్పింది. జమీందారులకు ఇది పిడుగుపాటు. రైతుకు ఇంతకంటే ఏం కావాలి?

కానీ నివేదిక నివేదికగానే ఉండిపోయింది. మద్రాసులో రాజాజీది ఒక తీరు, ప్రకాశానిది ఒక తీరు. ఒకరు ఆచితూచి అడుగేసే మనిషి, ఒకరు ముందు అడుగేసి తర్వాత చూసే మనిషి. వాళ్లిద్దరి పొత్తు ఎన్నడూ కుదిరింది కాదు. అసలే జమీందారుల పలుకుబడి తక్కువది కాదు. పైగా సహజానంద, రంగాల రైతు సంఘాలు కాంగ్రెస్‌ను మించి పోతున్నాయన్న అనుమానం కాంగ్రెస్ పెద్దల్లోనే ఉంది. అలా నెలలు గడిచాయి. 1939 సెప్టెంబరులో ఐరోపాలో యుద్ధం మొదలైంది. భారతీయులను అడగకుండానే భారతదేశాన్ని యుద్ధంలోకి దింపారని కాంగ్రెస్ మంత్రివర్గాలు అక్టోబరులో రాజీనామా చేశాయి. మద్రాసులో గవర్నరు పాలన వచ్చింది. ప్రకాశం నివేదిక చట్టం కాకుండానే అటకెక్కింది.

మందస కాల్పుల గురించి రాసేవాళ్లు చాలామంది ఈ రెండేళ్లను దాటేసి, సూటిగా 1940 ఏప్రిల్‌కు వస్తారు. అలా వస్తే ఆ రైతులు ఏదో ఆవేశంలో అడవి మీద పడ్డారనిపిస్తుంది. అది నిజం కాదు. ఓటు వేశారు, రాజా ఓడిపోయాడు. మద్రాసు దాకా నడిచారు, అర్జీలు ఇచ్చారు. విచారణ సంఘం వచ్చి భూమి మీదేనంది. చట్టబద్ధంగా చేయగలిగిందంతా ఒకదాని తర్వాత ఒకటి చేశారు. మీదే అన్న మాట విన్నాక కూడా పొద్దున్నే లేస్తే అదే శిస్తు, అదే ఎస్టేటు గార్డు, నాగలి కర్రకు అదే రుసుము. ఓపిక అక్కడ అయిపోయింది.

1940 మార్చి. బీహారులో రామ్‌గఢ్‌లో కాంగ్రెస్ మహాసభ జరిగింది. మౌలానా ఆజాద్ అధ్యక్షుడు. దాని పక్కనే సుభాష్ చంద్రబోస్, సహజానంద కలిసి బ్రిటిషువారితో రాజీ వద్దంటూ వేరే సభ పెట్టారు. వారం తిరక్కుండా మార్చి 26, 27 తేదీల్లో అఖిల భారత కిసాన్ సభ జరిగింది పలాసలో!

ఇవాళ హౌరా–చెన్నై దారిలో పలాస స్టేషన్ వస్తే జీడిపప్పు గుర్తొస్తుంది. ఆ రోజుకు పలాస జీడిపప్పు ఊరుగా పేరు తెచ్చుకోలేదు. కాశీబుగ్గను ఆనుకుని ఉన్న చిన్న రైలు ఊరు. దేశం మొత్తం మీద జరిగే రైతుల సభకు అంత చిన్న ఊరు ఎందుకు? కారణాలు రెండు కనిపిస్తాయి. మొదటిది రైలు. కలకత్తా వైపు నుంచి వచ్చేవాళ్లకూ, మద్రాసు వైపు నుంచి వచ్చేవాళ్లకూ ఒకే లైను. రెండోది చుట్టూ ఉన్న జమీందారీలు. పలాస చుట్టూ ఎటు నడిచినా ఒక ఎస్టేటు పొలిమేరలోకే వెళ్తాం. జమీందారీ రద్దు కావాలని తీర్మానం చేయడానికి ఇంతకంటే తగిన చోటేది? ఏర్పాట్ల బరువు లచ్చన్న భుజాల మీద పడింది. రంగా అండగా ఉన్నాడు.

ఆ సభకు అధ్యక్షుడిగా ఎన్నికైనది రాహుల్ సాంకృత్యాయన్. బౌద్ధ గ్రంథాల కోసం కంచర గాడిదల మీద టిబెట్ కొండలెక్కిన పండితుడు. బీహారులో రైతుల పక్కన నిలబడి దెబ్బలు తిన్నవాడు. ఆయన పలాస రాలేకపోయాడు. సభకు ముందే అరెస్టు చేశారు. ఆ జైలు జీవితంలోనే హజారీబాగ్‌లో ఉండగా ఆయన రాసిన ‘ఓల్గా నుంచి గంగకు’ను తర్వాత తెలుగువారు తమ పుస్తకంలాగా చదువుకున్నారు. అది చదివిన ఎందరికి దాన్ని రాసిన మనిషి మన పలాస సభకు అధ్యక్షుడు కావాల్సినవాడని తెలుసు? తెలియాల్సిన సంగతి.

రెండు రోజులు సభ జరిగింది. జమీందారీలు రద్దు కావాలన్నారు, యుద్ధాన్ని వ్యతిరేకించారు. వేదిక మీద ఎర్ర జెండావారూ ఉన్నారు, రంగా పక్షమూ ఉంది. వాళ్ల మధ్య లోలోపల రాజుకుంటున్న పేచీ కొద్దికాలానికే బయటపడి కిసాన్ సభ చీలింది. కానీ పలాస వచ్చి తిరిగి ఊరు వెళ్లిన రైతుకు ఆ పేచీతో పని లేదు. ఎక్కడో ఉత్తరాదిన కూడా తనలాంటి వాడే ఉన్నాడని, తన బాధే పడుతున్నాడని అతను మొదటిసారి తెలుసుకున్నాడు. ఆ ధైర్యంతో ఊరు చేరాడు.

మందస ఎస్టేటులో గుడారి రాజమణిపురం ఒక చిన్న పల్లె. పేరులోనే రాజుగారి వంశం పేరు ఉంది చూడండి. సభ ముగిసి వారం కాలేదు. అక్కడా, చుట్టుపక్కల పల్లెల్లోనూ రైతులు ఎస్టేటు అడవిలోకి వెళ్లి తమకు కావలసిన కర్ర కొట్టుకొచ్చారు. దొంగచాటుగా కాదు. మాకు హక్కుంది, తీసుకుంటున్నాం అని చెప్పి తెచ్చుకున్నారు. పదేళ్ల కిందట బారువ తీరంలో లచ్చన్న ఉప్పు తీసినట్టే ఇది. నిషేధించిన దాన్ని అందరూ చూస్తుండగా తీసుకోవడం. ఉప్పు సర్కారుది, కర్ర జమీందారుది, తేడా అంతే.

ఏప్రిల్ 1న పోలీసులు ఊళ్లోకి దిగారు. రైతులను అరెస్టు చేసి తీసుకెళ్లడానికి వచ్చారు. అప్పుడు దారికి అడ్డంగా నిలబడింది సాసుమాన గున్నమ్మ. ఆమె వెనక ఊరి ఆడవాళ్లు, ఊరి జనం. పట్టుకున్న రైతులను వదలమన్నారు. పోలీసులు వినలేదు, జనం దారి ఇవ్వలేదు. తుపాకులు పేలాయి. గున్నమ్మ అక్కడే నేలకొరిగింది. ఆమెతో పాటు మరికొందరు రైతులు చనిపోయారు. అప్పటికి ఆమె నిండు గర్భిణి అని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ క్షణంలో ఆమెను ముందుకు నడిపించిందేమిటి? ఆమె ఏ సంఘానికీ అధ్యక్షురాలు కాదు. ఉపన్యాసం ఇచ్చిన మనిషి కాదు. ఆ రోజుల్లో మన పల్లెల్లో పోలీసు వస్తే మగవాళ్లు పొలాల్లోకి, తోటల్లోకి తప్పుకునేవారు. ఇల్లు, గొడ్డు, పిల్లలను కాపలా కాసేది ఆడదే. పుల్లలకు అడవికి వెళ్లేది ఆమె, ఎస్టేటు గార్డు చేత తిట్లు తినేది ఆమె, పొయ్యి వెలగకపోతే పిల్లల ఏడుపు వినేదీ ఆమే. అడవి బాధ ఎవరి చేతుల మీదుగా నడిచిందో వాళ్లే అడ్డంగా నిలబడ్డారు. కాబట్టి గున్నమ్మ ముందుకు రావడంలో నాకు ఆశ్చర్యం కనిపించదు. మన చరిత్ర పుస్తకాల్లో ఆమెకు దక్కినది ఒక్క వాక్యమే కావడం మాత్రం బాధగా ఉంటుంది. ఊరివాళ్లు ఆ లోటు తీర్చారు. వీరగున్నమ్మ అని పిలుచుకున్నారు. ఆ పల్లెలో ఆమె స్మారకం ఉంది.

తేదీ మరోసారి చూడండి. 1936 ఏప్రిల్ 1న ఈ నేల రెండు రాష్ట్రాల మధ్య పంచబడింది. 1937 ఏప్రిల్ 1న రాష్ట్రాలకు కొత్త స్వపరిపాలన చట్టం అమలులోకి వచ్చింది. 1940 ఏప్రిల్ 1న మందస. ఈ నాలుగేళ్లలోనే ఉద్దానం రైతు వకీలు వెనక నిలబడి వినే మనిషి నుంచి తుపాకీ ముందు నిలబడే మనిషిగా మారాడు. మద్రాసులో కొత్త గవర్నరు ఆర్థర్ హోప్ పదవిలోకి వచ్చి మూడు వారాలు కూడా కాలేదు. మంత్రివర్గం ఉండుంటే కాల్పుల మీద శాసనసభలో నిలదీసేవారు ఉండేవారు. సభ నడవని రోజులు కావడంతో చనిపోయినవాళ్ల కోసం అడగడానికి పల్లె తప్ప ఎవరూ మిగల్లేదు.

ఆ పల్లె అడిగిన దానికి జవాబు రావడానికి ఎనిమిదేళ్లు పట్టింది. 1948లో మద్రాసు ప్రభుత్వం జమీందారీ రద్దు చట్టం చేసింది. ప్రకాశం నివేదికలోని మాటల దుమ్ము దులిపింది ఆ చట్టమే. ఎస్టేట్లు ఒక్కొక్కటీ సర్కారు చేతికి వచ్చాయి. కొండ కింద రైతు పట్టా చేత్తో పట్టుకున్నాడు. అయితే అడవి రైతుకు రాలేదు, సర్కారు అడవి శాఖకు వెళ్లింది. ఆ తేడా ఎంత పెద్దదో కొండ మీద సవరలకు, పల్లపు పల్లెలకు ముప్ఫై ఏళ్ల లోపే తెలిసొచ్చింది. అదీ ముందు ముందు రాబోయే కథే.

ప్రస్తుతానికి 1940 వేసవిలో ఉన్నాం. గుడారి రాజమణిపురం వార్త టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం దాటి పాకుతోంది. లచ్చన్న వయసు 31కి దగ్గరపడుతోంది. రెండేళ్లలో క్విట్ ఇండియా పిలుపు రానుంది, ఆయన అజ్ఞాతంలోకి వెళ్లనున్నాడు. వచ్చే భాగంలో ఆ అజ్ఞాతవాసం, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టుక, విశాఖపట్నానికి తోకగా ఉన్న నేలకు చివరికి దొరికిన సొంత కచేరీ చూద్దాం. 1952 ఎన్నికల్లో పాతపట్నం నుంచి లోక్‌సభకు వచ్చిన వి.వి.గిరి, శ్రీకాకుళం నుంచి గెలిచిన బొడ్డేపల్లి రాజగోపాలరావు, ఎన్నికల బండ్ల వెనక పరుగెత్తిన ఉద్దానం పిల్లలు కూడా కనిపిస్తారు. ఆ తర్వాత 1954 నవంబరులో కర్నూలులో ఆంధ్ర రాష్ట్ర శాసనసభ. ప్రకాశంగారి ప్రభుత్వం మీద అవిశ్వాసం. మద్యనిషేధం మీద చర్చ. ఆ సభలో కల్లుగీత మనిషి తరఫున లేచి నిలబడింది బారువ తీరంలో ఉప్పు కాచిన కుర్రాడే.